డిగ్రీ దారి, మూడో పాఠం: పని మానాలా, మానకుండా చదవాలా

పోయిన పాఠంలో ఒక పని అప్పగించాను. మీతో పనిచేసే, చదువు మధ్యలో ఆగిన చిన్నవారిని కూర్చోబెట్టి సర్టిఫికెట్ల కవరు విప్పించమన్నాను. పదో తరగతి మెమో, ఇంటర్ మెమోలు, టీసీ, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. వీటిలో ఏవి ఉన్నాయి, ఏవి పోయాయి, చదువు సరిగ్గా ఏ సబ్జెక్టు దగ్గర ఆగింది అన్నది వారి చేతే ఒక కాగితం మీద రాయించమన్నాను. ఆ కాగితం ఇంకా తయారు కానివారు ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. చదువు ఎక్కడ ఆగిందో తెలియకుండా కాలేజీ పేర్లు చెప్పడం దండగ.

మొదటి పాఠం నుంచి మనం తీసుకుంటున్న ఉదాహరణ సంపత్‌ది. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమాస్తా. కాంటా దగ్గర బస్తాల తూకాలు రాసుకోవడం, తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, ధర చీటీలు) రాయడం, సాయంత్రం లెక్క సరిచూడడం అతని పని. వయసు 21. ఎస్సై కావాలన్నది కోరిక. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరంలో గణితం 2బి పేపరు పోయింది. ఆ తర్వాత పుస్తకం ముట్టలేదు. ఇంట్లో అతనికన్నా ఎక్కువ చదివినవారు లేరు కాబట్టి, "ఇంటర్ ఫెయిలయ్యాడు" అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయారు.

"మళ్లీ రెండేళ్లూ మొదటి నుంచి చదవాలా అన్నా?" అని అతను అడుగుతాడు. ఇలాంటి ప్రశ్న మీ దగ్గరికీ వస్తుంది. నవ్వకండి. చెప్పేవారు లేని ఇంట్లో పుట్టినవారికి ఈ సంగతులు ఎవరు చెబుతారు?

జవాబు చాలా చిన్నది. పాసైన పేపర్లు పాసైనట్టే ఉంటాయి. 2బి ఒక్కటే రాయాలి. 75 మార్కులకు 26 తెచ్చుకుంటే ఇంటర్ పూర్తవుతుంది. ఏటా ఫిబ్రవరి చివర లేదా మార్చిలో మొదలయ్యే పరీక్షల్లో రాయవచ్చు. ఫలితాల తర్వాత వేసవిలో వచ్చే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలోనైనా రాయవచ్చు. ఫీజు మాత్రం తాను చదివిన జూనియర్ కాలేజీలోనే కట్టాలి. మన దగ్గర ప్రైవేటు జూనియర్ కాలేజీలు తెరుచుకున్నంత వేగంగా మూతపడుతుంటాయి. కాలేజీయే లేకుండా పోతే జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి కార్యాలయానికి పాత హాల్ టికెట్ నంబరుతో వెళ్లాలి. ఆ నంబరు పోయిన పాఠంలో రాయించిన కాగితంలో ఉండాలి.

ఆ ఒక్క పేపరుకు ఎంత విలువ ఉందో కూడా అతనికి చెప్పండి. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి విద్యార్హత ఇంటర్. ఎస్సైకి డిగ్రీ కావాలి. అంటే 2బి గట్టెక్కిన రోజే, డిగ్రీ ఇంకా మొదలు కాకుండానే, ఒక తలుపు తెరుచుకుంటుంది. మూడేళ్ల తర్వాత దక్కే ఫలం గురించి ఎంత చెప్పినా 21 ఏళ్ల మనిషి చెవికి ఎక్కదు. ఆరు నెలల్లో దక్కేది ఏమిటో ముందు చూపించండి.

మీ సంపత్‌కు లెక్కలంటే బొత్తిగా పడకపోతే, లేదా పదితోనే చదువు ఆగిపోయి ఉంటే, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా ఇంటర్ చేయవచ్చు. సబ్జెక్టులు మార్చుకోవచ్చు. ఇంతకుముందు పాసైన కొన్నింటి మార్కులను బదిలీ చేసుకునే వీలు కూడా ఉంది. ఒకప్పుడు ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీలో చేరేవారు. పాత తరం వారు ఇప్పటికీ అదే సలహా ఇస్తుంటారు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు పూర్తి చేయించండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇంటర్ చేతికొచ్చింది. పని మానేసి రెగ్యులర్ కాలేజీలో చేరాలా, పని చేసుకుంటూ దూరవిద్యలో చదవాలా?

ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి దూరవిద్యే అని చాలామంది ముందే తేల్చేస్తారు. నేను అలా అనను. 18, 19 ఏళ్లవారైతే, వారి జీతంతోనే ఇంట్లో పొయ్యి వెలగాల్సిన పరిస్థితి లేకపోతే, పని మానేసి కాలేజీకి వెళ్లమనే చెప్పండి. దుకాణంలో మంచి పనివాడు పోతాడని మన మనసు వెనక్కి లాగుతుంది. ఆ లాగుడును సలహాలో కలపకూడదు. రెగ్యులర్ కాలేజీలో దొరికే స్నేహాలు, లైబ్రరీ, ఎన్‌సీసీ, అధ్యాపకులతో పరిచయం దూరవిద్యలో దొరకవు. పోలీసు ఉద్యోగం కోరుకునేవారికైతే రోజూ మైదానం అందుబాటులో ఉండడం కూడా చిన్న విషయం కాదు.

రెగ్యులర్ డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా జరుగుతున్నాయి. కాకతీయ, ఉస్మానియా, శాతవాహన వంటి విశ్వవిద్యాలయాల పరిధిలోని చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు. మొదటి విడత నమోదుకు 200 రూపాయలు. ఆ తర్వాత కాలేజీలను, కోర్సులను ఇష్టమైన వరుసలో పెట్టుకోవాలి. దీన్నే వెబ్ ఆప్షన్లు అంటారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రెండు మూడు కాలేజీలు పెట్టి ఊరుకుంటారు. సీటు రాకపోతే తమకు అదృష్టం లేదనుకుంటారు. పోయి రాగల దూరంలో ఉన్నవన్నీ పెట్టించండి, ప్రభుత్వ కాలేజీలను పైన ఉంచండి. మొదటి విడతలో రాకపోయినా తర్వాతి విడతలు ఉంటాయి.

నమోదుకు ముందు ఒక విషయం తప్పక చూడాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోను నంబరు ఇప్పుడు అతని చేతిలో ఉందా? చవకగా వస్తుందని సిమ్ములు మార్చే అలవాటు కుర్రకారుకు ఎక్కువ. పాత నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరో ఉంటుంది, ఓటీపీ అక్కడికి పోతుంది. దరఖాస్తు గడువు దగ్గర పడ్డాక ఆధార్ కేంద్రం ముందు నిలబడడం కన్నా ఈ వారమే సరిచేయించడం మేలు. పేరు కూడా పదో తరగతి మెమోలో ఎలా ఉందో ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉన్నా తర్వాత చిక్కులొస్తాయి.

రెగ్యులర్‌లో చేరితే అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్, ఉపకారవేతనం ఉంటాయి. దానికి మీసేవలో తీసుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. 75 శాతం హాజరు కూడా ఉండాలి. ఈ 75 దగ్గరే సంపత్ లెక్క తప్పుతుంది. మార్కెట్ తెల్లవారగానే మొదలవుతుంది. జెండా పాట (ధర తేల్చే వేలం) అయ్యాక తూకాలు, తూకాల తర్వాత లెక్కలు. పత్తి దసరాకు అటూ ఇటూ మొదలై సంక్రాంతి దాటేదాకా వస్తుంది. మిర్చి జనవరి తర్వాత ఊపందుకొని ఎండాకాలం దాకా యార్డును ఎర్రగా చేస్తుంది. కాలేజీలో తరగతులు బాగా జరిగే నెలలూ అవే.

"పేరుకు చేరు, రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీలు కొన్ని ఉంటాయి. మీ సలహా కోసం వచ్చినవారిని అటు పంపకండి. నీతి మాట పక్కన పెట్టి లాభనష్టాలే చూద్దాం. ఫీజు పోతుంది, పాఠం వినపడదు, ఇంటర్నల్ మార్కులు వారి చేతిలో ఉంటాయి, తగాదా వస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి బీరువాలో ఉంటాయి. ఒరిజినల్స్‌ను కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2018లో స్పష్టంగా చెప్పింది. అయినా ఇచ్చిన కాగితం వెనక్కి తెచ్చుకోవడానికి తిరిగేది మీ సంపత్తే.

పని మానే వీలు లేనివారికి మంచి దారి ఓపెన్ యూనివర్సిటీ. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది, దేశంలో ఇదే మొదటిది. ఢిల్లీలోని జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో వచ్చింది 1985లో. రెండింటికీ మొదటి ఉపకులపతి ఒక్కరే, జి. రాంరెడ్డి. మనవాళ్లు దేశానికి చూపించిన దారిని మనవాళ్లే "ఓపెన్ డిగ్రీయా" అని తీసిపారేయడం నాకు నచ్చదు. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి పొందిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ మళ్లీ ప్రకటించింది. సంపత్ భయం కూడా అదే: "ఎస్సైకి ఇది చెల్లుతుందా అన్నా?" చెల్లుతుంది. ఆ విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాలను గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవారు పనిగట్టుకొని కొనుక్కుంటారు. మనవాడికి అవి పాఠ్యపుస్తకాలుగానే చేతికొస్తాయి. హనుమకొండలోనూ అధ్యయన కేంద్రం ఉంది. తరగతులు సెలవు రోజుల్లో ఉంటాయి. కాకతీయ విశ్వవిద్యాలయానికీ దూరవిద్యా విభాగం ఉంది. ఎక్కడ చేరినా, ఆ ఏడాది ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో (డెబ్) అనుమతి ఉందో లేదో బ్యూరో వెబ్‌సైటులో చూసుకున్న తర్వాతే ఫీజు కట్టించండి. హనుమకొండ చౌరస్తా గోడల మీద "ఒక్క ఏడాదిలో డిగ్రీ" అని కనిపిస్తే ఆగి ఫోను నంబరు రాసుకోనక్కర్లేదు. సాధారణ డిగ్రీకి మూడేళ్లు పడుతుంది.

ఏ గ్రూపు తీసుకోవాలి? ఎస్సైకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రంతో బీఏ చేస్తే పోటీ పరీక్షల చదువు, డిగ్రీ చదువు కలిసివస్తాయి. ఎస్సై కాకపోతే మార్కెట్లోనే పెద్ద గుమాస్తాగానో, ఏదైనా ఆడిటర్ దగ్గరో స్థిరపడాలనుకుంటే బీకాం మేలు. నిర్ణయం అతనిది. బీఎడ్ ఆలోచన ఉన్నవారికి మాత్రం ఒక హెచ్చరిక: పాసు మార్కులతో డిగ్రీ వస్తుంది కానీ బీఎడ్ గడప దగ్గర సగం మార్కులు అడుగుతారు, రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు ఉంటుంది.

చేరాక లోపల ఏం జరుగుతుందో కూడా మీరే చెప్పాలి, ప్రాస్పెక్టస్ చదివితే అర్థమయ్యే భాష కాదది. మూడేళ్లను ఆరు సెమిస్టర్లు చేస్తారు. ప్రతి పేపరుకు కొన్ని క్రెడిట్లు. మనవాడు గుమాస్తా కాబట్టి ఇది తేలిగ్గానే అందుతుంది: పాసైన పేపరు క్రెడిట్లు ఖాతాలో జమ, పోయిన పేపరు బాకీ. బాకీ తర్వాత తీర్చవచ్చు, జమ అయినది పోదు. కోర్సుకు చెప్పిన మొత్తం క్రెడిట్లు నిండితేనే పట్టా. ఈ జమల కోసమే యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది, డిజీలాకర్ ద్వారా అందులో ఐడీ తెరవాలి. దూరవిద్యలో చేరేవారు 2024 నుంచి డెబ్ ఐడీ కూడా తీసుకోవాలి.

ఓపెన్ యూనివర్సిటీలో చదవలేక ఆగిపోయినవారు ఉంటారు. తేదీ తెలియక ఆగిపోయినవారిని మాత్రం నేను చాలామందిని చూశాను. రెగ్యులర్ కాలేజీలో నోటీసు బోర్డు ఉంటుంది, పక్క బెంచీవాడు చెబుతాడు. ఇక్కడ ఎవరూ చెప్పరు. రెండో ఏడాది ట్యూషన్ ఫీజు గడువు, పరీక్ష ఫీజు గడువు, అసైన్‌మెంట్లు ఇవ్వాల్సిన రోజు, హాల్ టికెట్ వచ్చే రోజు ఎవరికి వారే చూసుకోవాలి. డిగ్రీ పూర్తి చేయడానికి గరిష్ఠ కాలపరిమితి కూడా ఉంటుంది, అది చేరిన రోజే రాసుకోవాలి.

అందుకే దరఖాస్తు మీరు నింపకండి. మీ వేలు కీబోర్డు మీద పడిందంటే తర్వాత మూడేళ్లూ ప్రతి తేదీకి మీ ముఖమే చూస్తాడు. పక్కన కూర్చోండి, తప్పు కనబడితే చూపించండి, అంతే. ఇంటర్నెట్ సెంటర్‌కు పంపితే ఇంకొక ప్రమాదం ఉంది. తొందరలో వారు తమ ఈమెయిలు, తమ ఫోను నంబరు వేసేస్తారు. ఏడాది తర్వాత పాస్‌వర్డు మరచిపోతే ఆ సెంటర్ ఉంటుందో ఉండదో. సంపత్ పేరుతో ఒక ఈమెయిలు తెరిపించి, పాస్‌వర్డు అతని డైరీలోనే రాయించండి.

సావుకారుతో మాట్లాడే పని మాత్రం మీది. పరీక్షల టైంటేబుల్ వచ్చాక సెలవు అడిగితే, అది మిర్చి సీజనైతే, లేదనే అంటారు. ఏడాది ముందే చెప్పి, ఆ రోజుల్లో కాంటా దగ్గర ఎవరు ఉంటారో కూడా మీరే చూపిస్తే ఒప్పుకోవడం తేలిక.

ఈ వారం పని: 12 నెలల క్యాలెండర్ ఒకటి గోడకు తగిలించండి. నల్ల పెన్నుతో మీ పని రద్దీగా ఉండే వారాలు గుర్తు పెట్టండి. ఎర్ర పెన్నుతో పరీక్షలు, ఫీజు గడువులు మీ సంపత్ చేతే రాయించండి. ఈ ఏటి తేదీలు ఇంకా రాకపోతే పోయినేటివి వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టమనండి. ఎర్ర, నల్ల గుర్తులు ఒకే వారంలో పడిన చోట్లు ఎన్నో లెక్కపెట్టి, ఆ పట్టికతోనే సావుకారు దగ్గరికి వెళ్లండి.

వచ్చే పాఠంలో 2బి పేపరు సంగతి చూద్దాం. వృత్తాలు, నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణాలతో మొదలుపెడతాం. పాత ప్రశ్నపత్రాలు కొన్ని దగ్గర పెట్టుకోండి.