జుట్టు పొడవు పెరిగాక రోలర్లు పెట్టుకునేవాళ్లకు

భుజాల దాకా ఉన్నప్పుడు బాగా కుదిరిన రోలర్ సెట్ (తడి జుట్టును గొట్టాల్లాంటి రోలర్లకు చుట్టి, ఆరనిచ్చి వంపులు తెప్పించడం), జుట్టు నడుము దగ్గరికొచ్చేసరికి కుదరడం మానేస్తుంది. గంటలు కూర్చుని తీస్తే పైపొర ఆరి ఉంటుంది, కొసలు మాత్రం తడితడిగా జారిపోతాయి. నేను చాలాకాలం రోలర్లదే లోపం అనుకున్నాను. కాదు. చుట్టేటప్పుడు కొసలు అన్నిటికంటే అడుగున పడతాయి, పొడవు పెరిగేకొద్దీ వాటి మీద చుట్టు మీద చుట్టు చేరుతుంది, గాలి అక్కడిదాకా వెళ్లదు.

తడికి జుట్టులో దాని ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ కలుస్తాయి. లోపల చెమ్మ మిగిలితే ఆ వంపు నిలవదు. పైగా పొడవు జుట్టు బరువు కూడా కిందికి లాగుతుంది.

అందుకని పాయలు సన్నగా తీయండి, రోలర్ కంటే వెడల్పు కాకుండా. రోలర్లు ఎక్కువ పడతాయి, పడనివ్వండి. నీళ్లు కారే జుట్టుకు చుట్టొద్దు, ముప్పావు వంతు ఆరనిచ్చి మొదలుపెట్టండి. కొసలను చిన్న టిష్యూ ముక్కలో మడిచి చుడితే వంకర తిరగవు. ఆరిందనిపించినప్పుడు అన్నీ ఊడదీయకండి, మెడ వెనక ఒక్కటి విప్పి కొస పట్టుకుని చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, తిరిగి చుట్టేయండి. డ్రయ్యర్ వాడితే వేడి పూర్తిగా తగ్గాకే తీయాలి.

విశాఖలాంటి సముద్రపు ఊళ్లలో గాలి తేమకే వంపులు సడలుతాయి. అక్కడ కావాల్సినదానికన్నా ఒక సైజు చిన్న రోలర్ పెట్టుకోండి.