సర్కారీ కంప్యూటర్‌లో జనం రికార్డు చిక్కుకుంటే: సమస్య - పరిష్కారం

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు పంచాయతీ, తహసీల్ ఆఫీసుల్లోనూ జన సేవా కేంద్రాల్లోనూ పనిచేసేవాళ్ల కోసం, అక్కడ అర్జీ పెట్టుకునేవాళ్ల కోసం.

లక్షణం: పాత ఫైలు తెరిస్తే ఒడియా బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు

కారణం: దాన్ని యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణానికి) ముందటి అకృతి వంటి ఫాంటులో టైపు చేశారు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే ఒడియా బొమ్మల్ని తొడుగుతాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మ ఊడిపోయి సంకేతం మిగులుతుంది. 'అను' అనే పాత ఫాంట్లలోని తెలుగు అర్జీలదీ ఇదే గతి. ఒక కంపెనీ ఫాంటు కొంటే తప్ప ఊరి రికార్డు చదవలేకపోవడం చిన్న సంగతేమీ కాదు.

పరిష్కారం: ముందు ఫైళ్లన్నిటికీ కాపీ తీసి, ఆ కాపీ జోలికి పోకండి. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఫార్మాట్ బటన్ నొక్కి పాత ఫాంటు పేరు ఎంచుకుని ఫైండ్ ఆల్ అనండి. ఆ ఫాంటులో ఉన్నంతవరకే యూనికోడ్‌లోకి మార్చండి. ఫైలంతా ఒకేసారి మారిస్తే మధ్యలో ఉన్న నిజమైన ఇంగ్లీషు మాటలు కూడా ఒడియా గజిబిజి అయిపోతాయి. మార్చే పనికి నెట్ లేకుండా నడిచే కన్వర్టరే వాడండి. జనం పేర్లు, ఖాతా నంబర్లు ఎవరిదో వెబ్‌సైటులో అతికించడమంటే వాటిని బయటికి ఇచ్చేయడమే.

పాత ఫాంట్లలో ఒడియా ఏకారం హల్లుకు ముందే టైపవుతుంది, యూనికోడ్‌లో తర్వాత రావాలి. తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి, తెలుగులోనైతే ఒత్తుల దగ్గర. పేర్లు, ప్లాట్ నంబర్లు కాగితంతో సరిచూశాకే ఓడీఎఫ్ (ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడని ఫైలు పద్ధతి)లో దాచండి. అది 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. లిబ్రేఆఫీస్ ఫైల్ మెనూలో విజార్డ్స్ కింద ఉండే డాక్యుమెంట్ కన్వర్టర్ వందల ఫైళ్లను ఒకేసారి ఓడీఎఫ్ చేస్తుంది కానీ ఫాంటు రోగాన్ని మాత్రం కుదర్చదు. తెలుగు శీర్షికలకు, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పేరిట గిడుగు ఫాంటు ఉంది, స్వేచ్ఛా లైసెన్సుదే. పర్లాకిమిడి ఆఫీసుకు ఇంకేం కావాలి!

లక్షణం: లబ్ధిదారుల జాబితాలో పేరు లేదు, అడిగితే "సిస్టమ్ తీసేసింది" అంటారు

కారణం: అర్హత నియమం ప్రోగ్రాంలో ఉంది, ఆ ప్రోగ్రాం కంపెనీ దగ్గర ఉంది. కౌంటర్‌లో ఉన్న గుమాస్తాకూ అది కనబడదు. శాసనసభ చేసిన నియమాన్ని చదవొచ్చు, కోర్టులో సవాలు చేయొచ్చు. మూసిన కోడ్‌లో దాగిన నియమానికి అదేదీ లేదు.

పరిష్కారం: సమాచార హక్కు చట్టం కింద ఫారం-ఎ నింపి, 10 రూపాయల ఫీజుతో మూడు విషయాలు అడగండి: ఏ నియమంతో తీసేశారు, దాన్ని ఏ ఫైలులో ఎవరు ఆమోదించారు, మీ వివరాల్లో ఏ గడి దగ్గర ఆగింది. సెక్షన్ 4(1)(డి) ప్రకారం నిర్ణయానికి కారణం చెప్పడం ఆఫీసు బాధ్యత. సెక్షన్ 8(1)(డి) చూపించి వాణిజ్య రహస్యమంటే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే క్లాజు చెబుతుందని రాసి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఆఫీసు వైపు మందు టెండర్‌లోనే ఉండాలి. కేంద్రం 2015 విధానం ఓపెన్ సోర్స్‌కు (కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కు) మొగ్గు చూపమంటుంది, వదిలేస్తే కారణం రాయమంటుంది. రాష్ట్రాలు కూడా దాన్ని స్వీకరించవచ్చు. ఒప్పందంలో సోర్స్ కోడ్, దాన్ని మార్చి వాడుకునే హక్కు, డేటాబేస్ పూర్తి ప్రతి ఆఫీసుకు అప్పగించాలని రాయించండి. ఆఖరి బిల్లు దానికే ముడిపెట్టండి, లేకపోతే అప్పగింత జరగదు.

లక్షణం: సర్కారీ యాప్ కాంటాక్టులు, లొకేషన్ అడుగుతోంది

కారణం తెలియాలంటే కోడ్ చూడాలి. కోవిడ్ కాలంలో సర్కారు తెచ్చిన ఆరోగ్య సేతు యాప్ ఆండ్రాయిడ్ కోడ్‌ను 2020 మే 26న బయటపెట్టారు. అయితే ఫోన్‌లోకి వచ్చిన యాప్ ఆ కోడ్‌తోనే తయారైందని కూడా తేలాలి. ఎవరు తయారుచేసినా బైటు తేడా రాకుండా అదే యాప్ రావాలని, సర్వర్ కోడ్ కూడా తెరవాలని అడగండి. ఈలోగా ఫోన్ సెట్టింగ్స్‌లో అక్కర్లేని అనుమతులు తీసేయండి.

లక్షణం: విండోస్ 10కి అప్‌డేట్లు ఆగాయి, పాత పీసీలో 11 ఎక్కట్లేదు

కారణం: 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. పరిష్కారం: 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్, అంటే డెబియన్ గానీ సర్కారీ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్స్ గానీ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడపండి. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ నాలుగూ పరీక్షించండి. సాధారణంగా మొండికేసేవి చివరి రెండే. వాటి కోసం ఒక్క యంత్రాన్ని మాత్రం మద్దతున్న విండోస్‌తో ఉంచి, మిగతావి మార్చేయండి.