ఒక గొంతు, ఒక గిటార్: సొంత పాట తయారు చేసుకోవడం ఎలా?

హనుమకొండ హాస్టల్ గదిలోనో, కాజీపేటలో ఇంటి డాబా మీదో గిటార్ నేర్చుకున్న అమ్మాయి దగ్గర సాధారణంగా నాలుగైదు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు), ఫోన్లో కొన్ని సినిమా పాటల కవర్లు ఉంటాయి. అక్కడి నుంచి సొంత పాటకు రావడానికి కొత్త కార్డ్స్ అక్కర్లేదు. ముందు మాట, తర్వాత బాణీ, ఆఖరున గిటార్. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. జి, సి, డి వాయిస్తూ దాని మీద ఏదో ఒకటి పాడతారు. అలా పుట్టిన పాటలన్నీ ఒకేలా వినిపిస్తాయి.

గిటార్ పక్కన పెట్టి పాట రాయండి

చెప్పాలనుకున్నది ఇంట్లో అక్కతో మాట్లాడినట్టే ఒక్క వాక్యంగా రాయండి. పుస్తకంలో 'ఎక్కడికి వెళుతున్నావు' అని ఉంటుంది, మన దగ్గర 'ఏడికి పోతున్నవ్' అంటాం. రెండిటి నడక వేరు, కాబట్టి బాణీ కూడా వేరుగా వస్తుంది. జనం మాట్లాడే భాషలోనే రాయాలని వాదించిన ప్రజాకవి కాళోజీ బతికిన ఊరు ఈ హనుమకొండ. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పాటలో మన యాస వాడడానికి మొహమాటం దేనికి?

ఆ వాక్యాన్ని పైకి చాలాసార్లు చదవండి. గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ ఆగుతోందో గమనిస్తే సగం బాణీ అక్కడే దొరుకుతుంది. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు తారుమారైతే అర్థమే మారిపోతుంది. 'పాలు'లో 'పా' దగ్గర స్వరం తొందరగా తెగితే 'పలు' అని వినిపిస్తుంది. 'కల'ను సాగదీస్తే 'కాల' అవుతుంది. అందుకే సాగే స్వరం కింద దీర్ఘం, పరుగెత్తే స్వరం కింద హ్రస్వం పడేలా చూసుకోండి. మాట మార్చలేకపోతే బాణీ మార్చండి. ఇంగ్లీష్ పాటల బాణీల్లో తెలుగు మాటలు ఇరికించినప్పుడు చెవికి ఇబ్బందిగా ఉండేది ఎక్కువగా ఇందుకే.

ఇంకో చిక్కు ఉంది. 'పోతున్నవ్' లాంటి మాట పొల్లుతో ముగుస్తుంది, దాని మీద స్వరాన్ని నిలపలేరు. జానపదులు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు: చివర 'రా', 'వే', 'ఓ' చేరుస్తారు. బతుకమ్మ పాటలో 'ఉయ్యాలో' కూడా ఇలాగే పనికొస్తుంది. పాడే ఆమెకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళకు గొంతు కలిపే చోటు దొరుకుతుంది. మీ పల్లవిలోనూ అలాంటి చోటు ఒకటి ఉంచండి.

నడక, శ్రుతి చూసుకోండి

చప్పట్లు కొడుతూ పాడి, లెక్క మూడేసి పడుతోందా, నాలుగేసి పడుతోందా చూడండి. మూడేసి నడిచే పాటకు యూట్యూబ్‌లో నేర్చుకున్న నాలుగు లెక్కల స్ట్రమ్మింగ్ అతికిస్తే పాట కుంటుతుంది. ముందు ఒక్క కిందికి కొట్టే దెబ్బతో, లెక్కకు ఒకటి చొప్పున వాయించండి. మిగతావి తర్వాత చేర్చవచ్చు.

ఇక శ్రుతి. గిటార్‌కు సులువని జి కార్డ్‌లో మొదలుపెట్టకండి, మీ గొంతుకు ఏది సులువో వెతకండి. పాటలో అన్నిటికంటే కింది స్వరం, పై స్వరం రెండూ కష్టపడకుండా పలకాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న అమ్మాయిలు చాలామంది ఐదు లేదా ఐదున్నర శ్రుతిలో పాడతారు. ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. జి షార్ప్‌లో ఓపెన్ కార్డ్స్ (కొన్ని తీగలను నొక్కకుండా వాయించే సులువైనవి) దొరకవు కాబట్టి మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) పెట్టి జి ఆకారాలే వాయించండి, సరిపోతుంది. రెండో ఫ్రెట్‌కు జరిపితే ఏ (A) శ్రుతి అవుతుంది.

తంబుర మీద తత్వాలు విన్నవాళ్ళకు నచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది. అన్నిటికంటే లావు తీగను ఈ (E) స్వరం నుంచి డి (D)కి దించి, డి కార్డ్ పట్టుకుని ఆ తీగను మోగనిస్తూ పాడండి. కార్డ్స్ తరచూ మార్చే పని తప్పుతుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది. నన్నడిగితే తెలంగాణ బాణీలకు మూడు కార్డ్స్ కూడా ఎక్కువే.

రికార్డింగ్

స్టూడియో లేకపోయినా మంచి ఫోన్, బట్టలతో నిండిన బీరువా, మంచం మీద పరుపు ఉన్న గది చాలు. మెత్తటి వస్తువులు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. ఫ్యాన్ ఆపాలి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మే నెలలో ఫ్యాన్ లేకుండా పగలు కూర్చోలేరు కాబట్టి తెల్లవారుజామే నయం. కాజీపేట వైపు ఉంటే రైలు కూతల మధ్య సందు చూసుకోవాలి.

ఫోన్‌ను గిటార్ రంధ్రానికి ఎదురుగా పెడితే శబ్దం బొంగురుగా వస్తుంది. పన్నెండో ఫ్రెట్ వైపు తిప్పి, జానెడు నుంచి మూరెడు దూరంలో ఉంచండి. గిటార్, గొంతు విడివిడిగా రికార్డ్ చేస్తే బ్యాండ్‌ల్యాబ్‌లోనో, ఆడాసిటీలోనో (శబ్దాలు కలిపే యాప్‌లు) కలుపుకోవచ్చు. రెండూ ఉచితమే. లెవెల్ ఎరుపులోకి వెళ్తే మాత్రం ఆ టేక్ వదిలేయండి, పగిలిన శబ్దాన్ని సరిచేయడం చాలా కష్టం.

విడుదల

స్పాటిఫైలో నేరుగా పెట్టలేరు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి పంపిణీ సంస్థ ద్వారా వెళ్ళాలి. పాట రికార్డింగ్‌కు దాన్ని గుర్తించే, పన్నెండు అక్షరాలు, అంకెలు ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌ను వాళ్ళే ఇస్తారు. రాసిన, స్వరపరిచిన హక్కుల రాయల్టీ కోసం రచయితల, స్వరకర్తల హక్కుల సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవచ్చు. ఊళ్ళో విన్న పల్లవి వాడుకుంటే ఆ సంగతి క్రెడిట్స్‌లో రాయండి. అంతకు ముందు ఆరా తీయండి, జానపదం అనుకునే చాలా పాటలకు రాసినవాళ్ళు ఉన్నారు.

మొదటి వేదిక

కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు తర్వాత చూసుకోవచ్చు. కాలేజీ ఫెస్ట్, చిన్న కెఫే, స్నేహితుల ఇంట్లో ఇరవై మంది చాలు. గిటార్‌లో పికప్ (తీగల శబ్దాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) లేకపోతే రెండు మైకులు కావాలని ముందే చెప్పండి. కాపో, రెండు పిక్‌లు, అదనపు తీగల సెట్ సంచిలో ఉండాలి. ఎండలోంచి ఏసీ హాల్లోకి వెళ్తే తీగల శ్రుతి మారుతుంది. గిటార్‌ను కవర్ నుంచి తీసి కాసేపు ఉంచి, ఎక్కే ముందు మళ్ళీ ట్యూన్ చేసుకోండి.