ఆటోమేటిక్ కారు ఎంపిక నేర్చుకుందాం – మూడో పాఠం: గేర్‌బాక్స్ సంగతి కుడికాలికే తెలుస్తుంది

పోయిన పాఠంలో వారం రోజుల లెక్క రాయమన్నాను. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, అందులో సిగ్నళ్ల మధ్య ఎంత, హైవే మీద ఎంత అని. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. దానికి ఈ రోజు ఒక గడి కలుపుతున్నాం: గంటలు.

గంటలు ఎందుకంటే, ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ మియాపూర్‌లో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు. ఒక వైపు 12 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 22 రోజులు వెళ్లి వస్తే 528 కిలోమీటర్లు. నెలకోసారి విజయవాడ వెళ్లి వస్తారు. ఒక వైపు దాదాపు 275, రానుపోను 550. కిలోమీటర్లు చూస్తే సగం సిటీ, సగం హైవే. ఇప్పుడు గంటలు వేయండి. ఆఫీసుకు రానుపోను రోజుకు గంటన్నర పడితే నెలకు 33 గంటలు. విజయవాడకు రానుపోను పది, పదకొండు గంటలు. అంటే స్టీరింగ్ వెనక మీరు గడిపే సమయంలో నాలుగింట మూడు వంతులు సిటీలోనే. షోరూముకు వెళ్లి "నాది సగం సగం అండీ" అని చెబితే, చెప్పిన మొదటి మాటే తప్పయినట్టు.

రెండో పాఠంలో నాలుగు మీటర్ల పొడవు గీత గురించి చెప్పుకున్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పొడవు లోపు ఉండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించని కార్లకు జీఎస్టీ 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. మన ఎంపిక చాలావరకు ఆ గీత లోపలే కాబట్టి ధర సంగతి ఇక్కడితో వదిలేసి గేర్‌బాక్స్‌లోకి వెళ్దాం.

షోరూములో అన్నిటినీ "ఆటోమేటిక్" అనే ఒకే మాటతో చూపిస్తారు. లోపల ఉండేవి మాత్రం నాలుగు వేరు వేరు యంత్రాలు.

మొదటిది ఏఎంటీ. మారుతి వాళ్లు దీన్నే ఏజీఎస్ అంటారు. ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మీ బదులు ఒక చిన్న యంత్రం చేస్తుంది. అందుకే ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌కు దగ్గరగా ఉంటుంది. గేరు మారే క్షణంలో ఇంజిన్ లాగడం ఆగిపోతుంది, తల కొద్దిగా ముందుకు ఊగుతుంది.

రెండోది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నూనె ద్వారా శక్తి అందుతుంది. పాత పద్ధతే, మొండిది కూడా. బ్రేకు వదిలితే కారు మెల్లగా, కుదుపు లేకుండా పాకుతుంది. మూడోది సీవీటీ, హ్యుందాయ్ పేరులో ఐవీటీ. ఇందులో పళ్ల చక్రాల మెట్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య బెల్టు జారుతూ గేరు నిష్పత్తి మారుస్తుంది. సిటీలో వెన్నలా ఉంటుంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ గోల ముందు, వేగం వెనక.

నాలుగోది డ్యూయల్ క్లచ్. డీసీటీ, డీసీఏ, డీఎస్‌జీ అని పేర్లు వేరుగా రాసినా ఈ కుటుంబమే. ఒక క్లచ్ బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి రెప్పపాటులో మారుతుంది. హైవే మీద దీనంత హుషారు ఇంకోదానికి లేదు. కానీ ఇంచు ఇంచు కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. పొడి క్లచ్ రకంలో ఈ వేడి ఎక్కువ, నూనెలో మునిగి ఉండే తడి క్లచ్ రకంలో తక్కువ. మీరు చూసే మోడల్‌లో ఏ రకమో తప్పకుండా అడగండి.

ఐఎంటీ అని రాసి ఉంటే అది ఆటోమేటిక్ కాదు. క్లచ్ పెడల్ ఉండదు, గేరు మాత్రం మీరే మార్చాలి. ఇంట్లో అమ్మానాన్నల కోసం చూసేవాళ్లు ఈ మూడక్షరాల దగ్గర ఆగి చదవండి.

ఇక అసలు పాఠం. పదేళ్ల కిందట నా మొదటి ఆటోమేటిక్ కారును ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద నడిపి చూసి కొన్నాను. పావుగంట టెస్ట్ డ్రైవ్. అంతా హాయిగా అనిపించింది. ఇంటికి తెచ్చిన మూడో రోజున అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద సగంలో ఆగాల్సి వచ్చింది. బ్రేకు మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కేలోపు కారు వెనక్కి జారింది. వెనక సైకిల్ పట్టుకుని ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు. హ్యాండ్‌బ్రేకు లాగాను కాబట్టి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ కారులో కొండ మీద నిలబెట్టే హిల్ హోల్డ్ లేదు, నేను అడగలేదు, ఆ దారిలో నడిపి చూడలేదు. ఈ పాఠం రాయడానికి కారణం అదే: టెస్ట్ డ్రైవ్ మీ దారిలో, మీ సమయంలో జరగాలి. సాయంత్రం ఆరున్నరకు కావాలని అడగండి. ఇవ్వకపోతే ఇంకో షోరూముకు వెళ్లండి.

డ్రైవ్‌లో నాలుగు పరీక్షలు చేయండి. ఏసీ వేసి ఉండాలి, కారులో కనీసం నలుగురు ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోరు. ఐదుగురు మనుషులు, సామాను కలిపితే మూడున్నర క్వింటాళ్ల పైమాటే. ఒక్కరు నడిపినప్పుడు పరుగెత్తిన 1.2 లీటర్ల మామూలు ఇంజిన్ (అంటే గాలిని ఒత్తిడితో లోపలికి పంపే టర్బో లేనిది), పండక్కి ఊరెళ్లేటప్పుడు వేరే బండిలా అనిపిస్తుంది.

మొదటి పరీక్ష పాకడం. జేఎన్‌టీయూ సిగ్నల్ లాంటి చోట బ్రేకు మెల్లగా వదలండి, యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. కారు దానంతట అది, ఒకే తీరుగా కదులుతోందా? కదిలి, ఆగి, మళ్లీ గుంజుతోందా? పది నిమిషాలు ఇలాగే చేయండి. పక్కన కూర్చున్నవాళ్ల తల చూడండి. నడిపేవాళ్లకు ఊపు ముందే తెలుస్తుంది కాబట్టి ఇబ్బంది తెలియదు, పక్కనున్న మనిషి మెడ నిజం చెబుతుంది.

రెండోది ర్యాంపు. మీ సెల్లార్‌లోకి తీసుకెళ్లి ఎత్తు మధ్యలో ఆపి, మళ్లీ కదిలించండి. ఒక జాగ్రత్త: ఎత్తు మీద కారును యాక్సిలరేటర్‌తో నిలబెట్టవద్దు, ఏఎంటీ, డీసీటీ రెండింటిలోనూ క్లచ్ అరిగేది అలాగే. బ్రేకుతోనే ఆపాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఎడమ వరుసలో 60 దగ్గర నిలకడగా వెళ్తూ, వెనక, పక్కన ఖాళీ చూసుకుని యాక్సిలరేటర్‌ను ఒక్కసారి లోపలికి తొక్కండి. తొక్కిన క్షణం నుంచి కారు నిజంగా ముందుకు దూకే క్షణం వరకు మనసులో లెక్కపెట్టండి. గేర్‌బాక్స్ కింది గేరుకు దిగడానికి తీసుకునే సమయం అది. దీని విలువ రెండు వరుసల రోడ్డు మీద తెలుస్తుంది. శ్రీశైలం దారిలో ముందున్న లారీని దాటుతూ మీరు 90లో ఉన్నారు, ఎదురుగా కారు 80లో వస్తోంది. మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 47 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. గేర్‌బాక్స్ ఒక సెకను ఆలస్యం చేసిందంటే అన్ని మీటర్ల ఖాళీ రోడ్డు మీకు అదనంగా కావాలి. ఏఎంటీ కారు కొనేవాళ్లు ఈ పని ముందే నేర్చుకోవాలి: దాటడానికి ముందే మాన్యువల్ మోడ్‌లోకి (గేరు మనమే మార్చుకునే అమరికలోకి) వచ్చి ఒక గేరు దించి, ఇంజిన్ పట్టు అందాక పక్క వరుసలోకి రావాలి.

నాలుగోది దిగుడు. పొడవాటి ఫ్లైఓవర్ దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో గేరు దించి, బ్రేకు ముట్టుకోకుండా ఇంజిన్ ఎంత ఆపగలుగుతోందో చూడండి. తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగే కుటుంబాలకు ఇది తెలిసి తీరాలి.

ఏ కారులో ఏ గేర్‌బాక్స్ ఉందో ఈ పాఠం రాసే నాటికి నాకు తెలిసినంతవరకు చెబుతాను. బ్రెజ్జా, కైలాక్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పెట్రోల్, ఫ్రాంక్స్ టర్బోలో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. మాగ్నైట్, కైగర్ టర్బోల్లో సీవీటీ. వెన్యూ, సోనెట్ టర్బో పెట్రోల్‌లో ఏడు గేర్ల డీసీటీ. నెక్సాన్ పెట్రోల్‌లో ఏఎంటీ, తడి క్లచ్ డీసీఏ రెండూ. పంచ్, ఎక్స్‌టర్‌లలో ఏఎంటీ. కొనే రోజున బ్రోచర్‌తో సరిచూసుకోండి, వేరియంట్లు మారుతుంటాయి.

నా అభిప్రాయం అడిగితే, పైన చెప్పిన మియాపూర్ కుటుంబం లాంటివాళ్లకు టార్క్ కన్వర్టర్ ఉన్న చిన్న టర్బో నప్పుతుంది. ముప్పై గంటల పాకుడును ఓర్చుకుంటుంది, హైవే మీద లాగుతుంది. టర్బో లేని ఇంజిన్‌లో పూర్తి లాగుడు 4000 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటాకే వస్తుంది, టర్బోలో 2000 దగ్గరే అందుతుంది. నెలకు రెండొందల కిలోమీటర్లు సిటీలోనే తిరిగే రిటైర్డ్ దంపతులైతే హిల్ హోల్డ్ ఉన్న ఏఎంటీ చాలు, మిగిలిన డబ్బు ఎయిర్‌బ్యాగులు ఎక్కువున్న వేరియంట్ మీద పెట్టండి. వారంలో నాలుగు రోజులు హైవే మీదే ఉండేవాళ్లు డీసీటీ నిస్సంకోచంగా చూడవచ్చు.

ఈ వారం పని: మీ లెక్కకు సరిపోయే రెండు రకాల గేర్‌బాక్సులు ఎంచుకుని, ఒకే దారిలో, ఒకే సమయంలో, వేరు వేరు రోజుల్లో నడపండి. నాలుగు పరీక్షల కింద ఒక్కో వాక్యం రాయండి. ఇంట్లో నడిపే ఇంకో మనిషి చేత కూడా విడిగా రాయించండి. నాలుగో పాఠంలో ఆ రెండు కాగితాలు ఎదురెదురుగా పెట్టుకుని బ్రేకులు, సీట్లు, రాత్రి హెడ్‌లైట్ల వెలుతురు, కారును గుద్దించి చూసి భద్రతకు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ఎలా చదవాలో చూద్దాం.