పాత జీపు కిందికి దూరే ముందు

- బండి గట్టి, చదును నేల మీదే ఉండాలి. మట్టిలో జాకీ దిగబడుతుంది.

- హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోవద్దు. చాలా పాత ఫోర్ బై ఫోర్లలో (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండ్లలో) అది పట్టుకునేది చక్రాలను కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వెనకున్న షాఫ్ట్‌ని. వెనక చక్రం ఒక్కటి లేచిందంటే చాలు, డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే గేర్లు) వల్ల అది గాల్లో తిరుగుతుంది, నేల మీదున్నది దొర్లిపోతుంది. వెనక చక్రాలకే శక్తి వెళ్లే టూ వీల్ డ్రైవ్‌లో గేర్ వేసి ఉంచినా అంతే. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాల్సిందే.

- జాకీ ఎత్తడానికే, బరువు స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకలు వద్దే వద్దు, ఉన్నట్టుండి పగిలిపోతాయి.

- బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి.

- గేర్ ఆయిల్ దించేముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) ఊడుతుందో లేదో చూసుకోండి, అది ఊడకపోతే కొత్త ఆయిల్ పోయలేరు.

- పాత బ్రేక్ లైనింగ్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ముని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.