ఫోన్ పోతే థెఫ్టా, రాబరీయా? తేల్చుకోవడం ఎలా?

మా పక్కింటి మాస్టారు ఇంటికి తాళం వేసి తిరుపతి వెళ్లొచ్చేసరికి బీరువా ఖాళీ. ఇన్సూరెన్స్ కాగితంలో 'రాబరీ' అని రాశారు. 'మిమ్మల్ని బెదిరించిందెవరు? దెబ్బలేమైనా తగిలాయా?' అని అటునుంచి ప్రశ్న. ఇంట్లో లేని మనిషిని ఎవరు బెదిరిస్తారు! పోయింది పది రూపాయలైనా పది లక్షలైనా ఒకటే, పోయిన తీరును బట్టి మాట మారుతుంది.

1. ముందు, బెదిరింపో దెబ్బో ఉందా చూడండి. లేకపోతే థెఫ్ట్. బస్సులో జేబు కొట్టేయడం, గుడి బయట చెప్పులు మాయం కావడం ఇందులోకే వస్తాయి. కత్తి చూపించి లాక్కుంటే రాబరీ. మెడలో గొలుసు తెంపుకుని బైక్ మీద పారిపోతే స్నాచింగ్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దీనికి 304వ సెక్షన్ విడిగా పెట్టారు.

2. దొంగ ఇంట్లోకి చొరబడ్డాడా? మనం 'కన్నం వేశాడు' అంటామే, దాదాపు అదే బర్గలరీ. పాతకాలపు ఇంగ్లండ్ చట్టంలోనైతే రాత్రిపూట దూరితేనే బర్గలరీ. మన చట్టం వాడే మాట హౌస్ బ్రేకింగ్. ఎఫ్‌ఐఆర్‌లో బర్గలరీ అని లేదని కంగారుపడకండి.

3. తలలు లెక్కపెట్టండి. ఐదుగురు, ఆపైన కలిసి రాబరీ చేస్తే డెకాయిటీ. నలుగురైతే రాబరీ దగ్గరే ఆగుతుంది. డెకాయిటీ అనే మాట మన దేశం నుంచే, 'డాకా' వేసేవాళ్ల నుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది.

4. సొమ్ము మన చేత్తోనే ఇచ్చామా? 'ఫొటోలు బయటపెడతా' అంటే భయపడి ఇస్తే ఎక్స్‌టార్షన్. మాయమాటలు నమ్మి పంపితే చీటింగ్.

5. చివరిది క్రియ, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. తెలుగులో ఇంటినీ దోచుకుంటారు, నగలనూ దోచుకుంటారు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. మనిషినో బ్యాంకునో 'రాబ్' చేస్తారు, వస్తువును 'స్టీల్' చేస్తారు. 'దే రాబ్డ్ మై ఫోన్' తప్పు, 'దే స్టోల్ మై ఫోన్' ఒప్పు.

మాస్టారు రాబరీ కొట్టేసి బర్గలరీ అని దిద్దారు. కింద 'దే స్టోల్ మై బీరువా' అని ఉంటే నేనే ఆపాను. బీరువా గోడవారగా, తలుపులు బార్లా తెరుచుకుని, అక్కడే ఉంది.