మదనపల్లె నుంచి పలమనేరు దాకా కుక్కలతో పాదయాత్ర: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

వీధి కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించడానికి, రేబిస్ టీకాలు వేయించడానికి విరాళాలు పోగు చేయాలని చిత్తూరులో మేము కొందరం మా పెంపుడు కుక్కలతో రెండుసార్లు ఈ దారిన నడిచాము. మొదటిసారి చేసిన తప్పులే ఈ వ్యాసానికి ఆధారం. వాటిలో పెద్దది దారిలో జరగలేదు, విరాళాల పుస్తకంలోనే జరిగింది. కుక్క నడిచిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని దాతల దగ్గర మాట తీసుకున్నాము. మూడో రోజు తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఒక కుక్క ముందుకాలు ఎత్తి కుంటుతుంటే, మిగిలిన నాలుగు కిలోమీటర్ల డబ్బు పోతుందే అన్న ఆలోచన ముందు నాకే వచ్చింది. కనుక విరాళాన్ని మొత్తం యాత్రకు ఒక మొత్తంగా గానీ, మనుషులు నడిచిన దూరానికి గానీ అడగండి. కుక్క ఎక్కడ ఆగినా రూపాయి కూడా తగ్గదని కరపత్రంలోనే రాయండి.

డబ్బు వ్యక్తుల ఖాతాల్లోకి రాకుండా, రిజిస్టరైన సంస్థ ఖాతాలోకే నేరుగా రావాలి. వీధి కుక్కల శస్త్రచికిత్సలను 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉన్న సంస్థల ద్వారానే జరపాలి. అందువల్ల ఎవరి చేత చేయిస్తారో ముందే తేల్చుకొన్న తరువాతే విరాళాలకు బయలుదేరండి.

దారి విషయానికి వస్తే, తిరుమల మెట్లదారిని గానీ శేషాచలం అడవిని గానీ తలపెట్టకండి. అక్కడ చిరుతలు తిరుగుతాయి, కుక్క వాటికి ఇష్టమైన ఆహారం. పలమనేరుకు దక్షిణాన కౌండిన్య అభయారణ్యం వైపు కూడా వెళ్ళకూడదు. ఏనుగును చూసి మొరిగిన కుక్క, ఏనుగు తిరగబడగానే యజమాని కాళ్ళ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకాలే ఏనుగూ వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వరుసగా ఉన్న మెట్ట ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, బయలుగా ఉంటుంది, ఊళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ మూడు ఊళ్ళను కలిపే 42వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రం నడవకండి. టమాటా లారీలు తెల్లవారుజామునే రద్దీగా తిరుగుతాయి కాబట్టి, దానికి పక్కగా పోయే పల్లె రోడ్లను, మట్టి దారులను కలుపుకొంటూ ఐదారు రోజుల నడకగా వేసుకోండి. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లకు మించనివ్వకండి. దారిలోని ప్రతి పోలీసు స్టేషనుకు, రాత్రి ఆగే ప్రతి ఊరి సర్పంచికి ముందుగానే లేఖ ఇచ్చి, దాని నకలు జేబులో ఉంచుకోండి.

ఇక గాలి. ఆషాఢంలో ఇక్కడ పడమటి గాలి రోజంతా వీస్తుంది. మన వైపు ఆడి గాలి అని పిలిచేది దీన్నే. మదనపల్లె నుంచి బయలుదేరితే ఇది కుడిపక్క వెనక నుంచి తగులుతుంది, పలమనేరు నుంచి ఎదురు నడిస్తే ముఖాన దుమ్ము కొడుతుంది. మేము దిశను ఎంచుకోవడానికి కారణం ఇదే. మార్గశిర, పుష్య మాసాల్లో గాలి తగ్గి చలి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకు ఆ కాలమే మేలు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం కదా అని ఆ రోజును ఎంచుకోవాలనిపిస్తుంది గానీ, అది ఉరుములు మెరుపులతో వానలు పడే కాలం.

గాలి చేసే అసలు మోసం ఏమిటంటే, ఎండ తెలియనివ్వదు. మనిషికి ఒళ్ళంతా చెమట ఆరి హాయిగా ఉంటుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తల్లోనే కాబట్టి, అది రొప్పుతూనే ఒంటిని చల్లబరచుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, 41 డిగ్రీలకు చేరితే ప్రాణాపాయం. నాలుక వెడల్పుగా సాగి వేలాడటం, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరగడం, నీళ్ళు పెట్టినా తాగకపోవడం కనిపిస్తే నడక ఆపి, నీడకు చేర్చి, పొట్ట, గజ్జలు, పాదాలు మామూలు నీళ్ళతో తడిపి, పశువైద్యుణ్ణి పిలవండి. ఉదయం ఐదున్నరకు బయలుదేరి తొమ్మిదింటికల్లా ఆ రోజు నడక ముగించడం మా పద్ధతి. అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు.

గాలికి పిలుపు కూడా వినపడదు. చేతి సైగలకు లాబ్రడారునైనా నాటు కుక్కనైనా రెండు నెలల ముందు నుంచే అలవాటు చేయండి. మెడ పట్టీ ఒక్కటే చాలదు, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ ఉండాలి. మొదటి యాత్రలో ముందు నడిచేవాళ్ళు పట్టుకొన్న ఫ్లెక్సీ ఒకటి పుంగనూరు దాటాక గాలికి కట్టె నుంచి ఊడి, టపటపా కొట్టుకొంటూ ఒక నాటు కుక్క మీద పడింది. అది మెడ వెనక్కి గుంజి, పట్టీలోంచి తల జారవిడిచి, టమాటా తోటలో పడి పరుగెత్తింది. వెతకడానికి రెండు గంటలు పట్టింది. ఊతకర్రల వరసల చివర పురుగుమందు కలిపే డ్రమ్ము పక్కన కనబడింది. అందులో మూతి పెట్టకపోవడం మా అదృష్టం. అప్పటినుంచి ఫ్లెక్సీ లేదు, చొక్కాల మీదే అచ్చు వేయించుకొంటున్నాము. తోటల పక్కన నిలవున్న నీళ్ళు ఏవైనా సరే, కుక్కను తాగనివ్వకండి. అడవి పందుల కోసం దొంగచాటుగా పెట్టే నాటు బాంబులు చేల గట్ల మీద ఉండవచ్చు, వాసన పట్టి నోటికి తీసుకొనే కుక్కలే వాటికి బలవుతాయి. కాబట్టి తాడు ఎప్పుడూ చేతిలోనే ఉండాలి.

ఏడాది నిండని కుక్కపిల్లలను, చప్పిడి ముక్కు పగ్‌లను, కడుపుతో ఉన్నవాటిని, ముసలివాటిని తీసుకురావద్దు. రేబిస్ టీకా కార్డు లేని కుక్కకు చోటు లేదు. ఊళ్ళల్లో ఆదరణ మాత్రం బాగుంటుంది. ఒక పెద్దాయన గేటు దగ్గర నిలబడి, “ఏం నాయనా, కుక్కలకు కూడా పాదయాత్రనా?” అని నవ్వి, బకెట్ నిండా బోరు నీళ్ళు తెచ్చిపెట్టారు. ప్రేమతో పెట్టే తిండి విషయంలోనే మొహమాటపడకూడదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన కోడి ఎముకలు కుక్కలకు హాని చేస్తాయి. మనుషులు వేసుకొనే పారాసిటమాల్ మాత్ర కూడా ఇవ్వకూడదు. సంచార పశు వైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయాలి. ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా వేయించండి.

పలమనేరు చేరిన రోజు ఫొటోలకు ముందే ప్రతి కుక్కనూ నీడన పడుకోబెట్టి వేళ్ళ సందుల్లో పల్లేరు ముళ్ళకు, చెవుల్లో గోమార్లకు (పిడుదులకు) వెతకండి. గోమారును నలపకుండా, చర్మానికి ఆనించి పట్టకారుతో నిలువుగా లాగండి. తిరుగు ప్రయాణం వ్యానులో, మధ్యలో ఒకసారి నీళ్ళకు ఆపుకొంటూ చేయండి. ఇంటికి వచ్చాక ఒక వారం రోజులు వీధి చివరి దాకా నడిపిస్తే చాలు. ఆ వారంలోనే ఖర్చుల లెక్క రాసి దాతలకు పంపించేయండి.